ఈఎస్ఎల్ వద్దని సంతకం పెట్టమంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: ఖమ్మం నుంచి డాలస్ దగ్గరికి వచ్చి మూడు నెలలైంది. బాబు అక్కడ ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియంలోనే చదివాడు. ఇక్కడ తొమ్మిదిలో చేర్చాం. ఏదో టెస్టు పెట్టి, ఈఎస్ఎల్‌లో, అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లీషు నేర్పే కార్యక్రమంలో, వేస్తామని ఇంటికి కాగితం పంపారు. ‘నాకు ఇంగ్లీషు రాదనుకుంటున్నారు, అందరిలో పరువు పోతుంది, వద్దని సంతకం పెట్టమ్మా’ అని ఏడుస్తున్నాడు. ఆ ముద్ర పడితే రేపు ఇంజినీరింగ్‌కి మంచి యూనివర్సిటీలో సీటు రాదని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. మావారికి ఆఫీసుతోనే సరిపోతుంది. నేను తెలుగు మీడియంలో డిగ్రీ చేశాను. స్కూలుకెళ్లి మాట్లాడాలంటే కాళ్లు వణుకుతాయి, అన్నీ బాబే మాట్లాడతాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. వద్దనే గడిలో అసలే పెట్టకండి.

వద్దని సంతకం పెట్టే హక్కు మీకు ఉంది, అందులో అనుమానం లేదు. టెక్సస్‌లో తల్లిదండ్రులు వద్దంటే పిల్లల్ని ఈఎస్ఎల్‌లో ఉంచరు. కానీ మీరు వద్దన్నంత మాత్రాన స్కూలు రికార్డులో బాబు పేరు పక్కన ఉన్న ‘ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థి’ అన్న మాట చెరిగిపోదు. టెల్పాస్ అనే పరీక్ష ఏటా రాయాల్సిందే. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింటిలోనూ వాడి స్థాయి కొలుస్తూనే ఉంటారు, నిర్ణీత స్థాయికి వచ్చేదాకా. అంటే ముద్ర ఎక్కడిదక్కడే ఉంటుంది, వాడికి దొరకాల్సిన సాయం ఒక్కటే పోతుంది. ఈ సంగతి బాబుకి ఎవరూ చెప్పి ఉండరు. ముందు మీరు వాడికి ఇది చెప్పండి.

ఇంగ్లీష్ మీడియంలో చదివిన పిల్లాడికి ఇలా ఎందుకైందని మీకు కష్టంగా ఉండొచ్చు. చేర్పించినప్పుడు ఇచ్చిన ఫారంలో ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారని అడిగి ఉంటారు, మీరు తెలుగు అని రాసి ఉంటారు. నిజమే రాశారు, మంచి పని చేశారు. ఇంగ్లీషు కాని భాష రాస్తే నాలుగు వారాల్లోపు పరీక్ష పెట్టి తేల్చాలన్నది ఇక్కడి నిబంధన. ఇక ఆ పరీక్షలో మన పిల్లలు తడబడేది చాలావరకు మాట్లాడే దగ్గరే. మన ఇంగ్లీష్ మీడియంలో చదవడం, చూసి రాయడం, అప్పజెప్పడం ఎక్కువ. ఒక బొమ్మ చూపించి ఇందులో ఏం జరుగుతోందో నీ సొంత మాటల్లో చెప్పమంటే, తప్పు పోతుందేమోనన్న భయంతో నోరు విప్పరు. పరీక్షకి ఆ మౌనం వెనక భయముందో, రాకపోవడముందో తెలియదు కదా.

రెండు చిన్న విషయాలు చెబుతాను, బాబు విషయంలో కూడా జరుగుతూ ఉండొచ్చు. మన పిల్లలు చెయ్యెత్తి ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటారు. మనకు డౌట్ అంటే సందేహం, అడగాల్సిన ప్రశ్న. ఇక్కడి టీచరుకి అది ‘మీరు చెప్పింది నాకు నమ్మబుద్ధి కావడం లేదు’ అన్నట్టు వినిపిస్తుంది. ఇక్కడ ‘క్వశ్చన్’ అనాలి. రెండోది, సైన్సు పేపర్లో కిరణజన్య సంయోగక్రియ గురించి అడిగితే వాడికి అంతా తెలుసు, పదాలు కూడా ఇంగ్లీషులోనే తెలుసు. కానీ ప్రశ్న చివర ‘జస్టిఫై’ అని ఉంటుంది. నీ జవాబు ఎందుకు సరైందో ఆధారాలతో నిరూపించు అని దాని అర్థం. వాడేమో నిర్వచనం రాసి వచ్చేస్తాడు, సగం మార్కులు పోతాయి. ఈఎస్ఎల్ టీచరు నేర్పేది ఇదే. ఏ, బీ, సీ, డీలు నేర్పిస్తారేమోనని బాబు భయపడుతున్నాడు గానీ, పాఠాల్లో వాడే ఇంగ్లీషు ఎలా చదవాలి, దానికి వాక్యం ఎలా కట్టాలి, పదిమందిలో ఎలా ఒప్పుకోవాలి, ఎలా కాదనాలి అన్నది అక్కడి పని. స్నేహితులతో మాట్లాడే ఇంగ్లీషు ఏడాది రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠ్యపుస్తకం ఇంగ్లీషు మీద పూర్తి పట్టు రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఏనాటినుంచో చెబుతున్నారు. మీ బాబు పునాది గట్టిగానే ఉంది కాబట్టి అంతకాలం పట్టకపోవచ్చు. అయినా హైస్కూల్లో చేతిలో ఉన్నవి నాలుగేళ్లే.

ఇప్పుడు సీటు సంగతి. ఈఎస్ఎల్‌లో ఉన్నాడని ఏ యూనివర్సిటీ ఇంజినీరింగ్ సీటు నిరాకరించదు. ఈఎస్ఎల్ పిల్లల కోసం పెట్టిన ఇంగ్లీషు కోర్సులు, వాటిని ఈసాల్ ఒకటి, రెండు అంటారు, హైస్కూల్ పూర్తయ్యాక ఇచ్చే డిప్లొమాకి కావాల్సిన మొదటి రెండు ఇంగ్లీషు కోర్సులకి బదులుగా లెక్కకు వస్తాయి. అడ్మిషన్ దగ్గర దెబ్బతీసేది వేరే ఉంది, మన తల్లిదండ్రులు దాన్ని పట్టించుకోరు. అది లెక్కల కోర్సుల వరస. టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలకి క్లాసులో మొదటి పది శాతంలో ఉన్నవాళ్లకి నేరుగా ప్రవేశం ఉంటుంది, ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి మాత్రం ఆ శాతం ఇంకా తక్కువ. ఆ దారిలో వెళ్లాలంటే ‘డిస్టింగ్విష్డ్ లెవెల్’ అనే స్థాయిలో డిప్లొమా ఉండాలి. దానికి నాలుగు లెక్కల క్రెడిట్లు, వాటిలో ఒకటి ‘ఆల్జీబ్రా టూ’ అనే కోర్సు, నాలుగు సైన్సు క్రెడిట్లు, ఒక ఎండార్స్‌మెంట్, అంటే ఒక రంగం ఎంచుకుని అందులో కోర్సులు చేసినందుకు ఇచ్చే గుర్తింపు, కావాలి. బాబుకైతే స్టెమ్, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల ఎండార్స్‌మెంట్ సరిపోతుంది. తొమ్మిదో తరగతిలోనే ప్రతి విద్యార్థికీ గ్రాడ్యుయేషన్ ప్లాన్ రాస్తారు, తల్లిదండ్రులు కూడా దానిమీద సంతకం పెట్టాలి. మీరు నిద్ర మానుకుని చూడాల్సిన కాగితం అది. భాష రాదన్న అంచనాతో లెక్కల్లో కూడా కింది కోర్సులో కూర్చోబెట్టారేమో చూడండి. అలా జరిగితే ఆ పాఠాలన్నీ వాడు అక్కడ ఎనిమిదిలోనే చేశాడని పాత మార్కుల పత్రాలు, లెక్కల నోట్సు తీసుకెళ్లి చూపించండి. ఇంగ్లీషులో సాయం తీసుకుంటూ లెక్కల్లో ముందుండటానికి ఏ నిబంధనా అడ్డు కాదు.

ఈఎస్ఎల్‌లో ఉండడం వల్ల కలిసొచ్చేవీ ఉన్నాయి. స్కూల్లో ఈ సాయం పొందుతున్న పిల్లలకి కాలేజీ ప్రవేశం కోసం రాసే ఏసీటీ పరీక్షలో అదనపు సమయం, పదానికి పదం ఇచ్చే రెండు భాషల నిఘంటువు లాంటి సదుపాయాలు 2017 నుంచి ఉన్నాయి. స్కూలు ద్వారానే దరఖాస్తు చేయాలి, అలా రాసిన స్కోర్లను కాలేజీలకి మామూలుగానే పంపుకోవచ్చు. ఇంకోటి నాకు బాగా ఇష్టమైనది. టెక్సస్‌లో రెండు భాషల్లో చదవడం, రాయడం వచ్చిన విద్యార్థికి డిప్లొమాతో పాటు ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మార్కుల రికార్డు, మీద ప్రత్యేక గుర్తింపు రాస్తారు. ఇంగ్లీషు కోర్సులన్నీ కనీసం 80 సగటుతో పూర్తి చేయాలి, రెండో భాషలో పట్టు ఉందని చూపించాలి. ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థిగా గుర్తించినవాళ్లయితే, అదనంగా ఈఎస్ఎల్ కార్యక్రమంలో ఉండి అందులోంచి బయటపడి, టెల్పాస్‌లో అన్నిటికన్నా పై స్థాయి తెచ్చుకోవాలి. తెలుగును ఇందుకు ఎలా లెక్కలోకి తీసుకుంటారో, పరీక్ష ద్వారా తెలుగుకి క్రెడిట్ ఇస్తారేమో మీ స్కూల్ డిస్ట్రిక్టును అడగండి. బాబు తెలుగు చదవడం, రాయడం మానేయకుండా చూడండి. తొమ్మిదో తరగతిలో తెలుగు పుస్తకం పక్కన పడేసి, పన్నెండో తరగతిలో బాధపడిన పిల్లల్ని చాలామందిని చూశాను.

ఇక మీ భయం గురించి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కదిలించింది అదే. ‘అన్నీ బాబే మాట్లాడతాడు’ అన్నారు. దయచేసి ఈ వారంతో అది ఆపేయండి.

నేను పనిచేసే చోట ఒకసారి ఒక తల్లి, పదో తరగతి కూతురు లెక్కల టీచరు ఎదురుగా కూర్చున్నారు. నేను పక్క బల్ల దగ్గర ఏదో ఫైలు చూసుకుంటున్నాను, తెలుగువాడినని వాళ్లకి తెలియదు. టీచరు మెల్లగా, చాలా మర్యాదగా చెప్పారు, అమ్మాయి ఆరు హోంవర్కులు ఇవ్వలేదు, ఇలాగే ఉంటే ఈ కోర్సు తప్పుతుంది అని. అమ్మాయి తల్లివైపు తిరిగి, ‘బాగానే చదువుతున్నాను, ఇంకొంచెం కష్టపడమంటున్నారమ్మా’ అంది. తల్లి రెండు చేతులు జోడించి ‘థాంక్యూ, థాంక్యూ’ అంది. టీచరు మొహంలో ఆశ్చర్యం నాకింకా గుర్తుంది. ఆ అమ్మాయి అబద్ధాలకోరు కాదు. అమ్మ బాధపడుతుందని భయపడింది, అంతే. పదిహేనేళ్ల పిల్ల మీద అంత బరువు పెట్టకూడదు. నేను లేచి వెళ్లి తెలుగులో మొత్తం చెప్పాక, ఆ తల్లి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టీచరుని ఒక్క ప్రశ్న అడిగింది. ‘ఇంట్లో నేను ఏం చూడాలి?’ అని. టీచర్లు వినాలని ఎదురుచూసే ప్రశ్న అది.

మీకు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఏర్పాటు చేయడం స్కూలు బాధ్యత. మిగతా తల్లిదండ్రులకి చెప్పే ముఖ్యమైన విషయాలు ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకి కూడా అర్థమయ్యే భాషలో అందించాలన్నది ఇక్కడ పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన నియమం. మనిషి దొరక్కపోతే ఫోన్లో దుబాసీని పెట్టి మాట్లాడిస్తారు. ‘నీడ్ తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్’ అని ఒక్క వాక్యం మెయిల్ పెట్టినా, ఫోన్ చేసి చెప్పినా చాలు. నాలుగు రోజులు ముందుగా చెబితే వాళ్లకి సులువు. వ్యాకరణం ఎవరూ చూడరు.

ఈ హక్కులు ఊరికే రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకి ఇంగ్లీషు రాకపోయినా అందరితో పాటే కూర్చోబెట్టి వదిలేశారని వాళ్ల తల్లిదండ్రులు కోర్టుకెళితే, 1974లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. అర్థం కాని క్లాసులో కూర్చోబెడితే చదువు చెప్పినట్టు కాదని దాని సారాంశం. తర్వాత 1981లో మీరున్న టెక్సస్‌లోనే, దక్షిణాన రేమండ్‌విల్ అనే ఊరి కేసులో అప్పీళ్ల కోర్టు మూడు కొలతలు పెట్టింది. స్కూలు ఎంచుకున్న పద్ధతి నిపుణులు ఒప్పుకునేదై ఉండాలి, దాన్ని నడపడానికి తగిన టీచర్లు, వనరులు ఉండాలి, కొంతకాలానికి పిల్లలకి ఫలితం కనబడాలి, కనబడకపోతే మార్చాలి. మీ మీటింగ్‌లో అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇవే అనుకోండి. మా బాబుకి ఏ పద్ధతిలో నేర్పుతారు, మామూలు ఇంగ్లీషు క్లాసులోనే ఈఎస్ఎల్ సర్టిఫికెట్ ఉన్న టీచరు చెబుతారా, వేరే క్లాసా? వేరే క్లాసైతే దేని బదులు, వాడు ఇష్టపడి ఎంచుకున్న ఎలక్టివ్ కోర్సు పోతుందా? వాడు ముందుకెళుతున్నాడని నాకెలా తెలుస్తుంది, బయటపడటానికి ఏమేం కావాలి? చివరి ప్రశ్నకి జవాబు కొంత ఇప్పుడే చెబుతాను. టెల్పాస్ ఫలితం, రాష్ట్ర ఇంగ్లీషు పరీక్ష, టీచరు అంచనా, మూడూ చూస్తారు. బయటికొచ్చాక కూడా రెండేళ్లు గమనిస్తూ ఉంటారు.

ఈ నిర్ణయాలు తీసుకునే కమిటీని ఎల్‌ప్యాక్ అంటారు. అందులో స్కూలు అధికారి, టీచరుతో పాటు, ఈఎస్ఎల్ పిల్లల తల్లి గానీ తండ్రి గానీ ఒకరు సభ్యులుగా ఉంటారు. శిక్షణ వాళ్లే ఇస్తారు. ఈ ఏడాది కాకపోయినా వచ్చే ఏడాది మీరు అడిగి చూడండి. మీకు సాధ్యం కాదని మీరనుకుంటున్నారు, నేను అనుకోవడం లేదు. తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవారు, పుస్తకాన్ని చదివి అర్థం చేసుకోవడం మీకు వచ్చు. ఇంట్లో రోజూ రాత్రి బాబు ఆ రోజు పాఠాన్ని తెలుగులో మీకు చెప్పాలి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాడికి పాఠం వచ్చినట్టే, ఇక దాన్ని ఇంగ్లీషులో పెట్టే పని ఒకటే మిగులుతుంది. ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడాలని పొరపాటున కూడా నియమం పెట్టకండి. వచ్చీరాని మాటలతో మీ ఇద్దరి మధ్య సంభాషణ తగ్గిపోతుంది. ఈ వయసులో అది తగ్గకూడదు.

బాబుని ఆ కాగితం గురించి తిట్టకండి. వాడి అవమానం నిజమైనదే. కొత్త దేశం, కొత్త క్లాసు, తనకంటే చిన్నవాళ్లు కూడా గడగడా మాట్లాడుతుంటే తను నోరు మూసుకుని కూర్చోవాల్సి వస్తోంది. ఒక్క సెమిస్టర్ ఉండి చూద్దాం, తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం అనండి. ఒప్పుదలను మీరు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, ఆ మాట కూడా వాడికి చెప్పండి. పిల్లలు తిరిగి రాలేని దారంటేనే ఎక్కువ భయపడతారు.

సోమవారం ఉదయం ఆ మెయిల్ పెట్టండి. మీటింగ్‌కి ఏడు, ఎనిమిది తరగతుల మార్కుల పత్రాలు, లెక్కల నోట్సు, వాళ్లు పంపిన కాగితం తీసుకెళ్లండి. ఇంటర్‌ప్రెటర్ పక్కన ఉండగా ఆ కాగితాన్ని గడి గడీ చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టండి. వీలైతే మీవారు కూడా గంట సేపు ఆఫీసు నుంచి వచ్చేలా చూడండి. బాబుని మాత్రం మీ పక్కన కొడుకుగా కూర్చోనివ్వండి, దుబాసీగా వద్దు.