ఫెర్రెట్ మలద్వారం దగ్గర ఎర్రటి కండ: ఈరోజే చూపించండి

గుంటూరు నుంచి మీరు రాసింది చదివాను. నాలుగు నెలల ఫెర్రెట్‌కు (ముంగిసలా కనిపించే చిన్న పెంపుడు జంతువు) విరేచనాలు, ముక్కుతోంది, ఈ ఉదయం మలద్వారం దగ్గర ఎర్రటి కండ కనిపించిందన్నారు. పురీషనాళం, అంటే పెద్దపేగు చివరి భాగం, బయటికి జారినట్టుంది. దయచేసి రేపటిదాకా ఆగకండి.

డాక్టరు దగ్గరికి చేరేవరకు ఆ కండ ఆరిపోకూడదు. మందుల దుకాణంలో దొరికే సెలైన్‌తో మెత్తటి గుడ్డను తడిపి అద్దుతూ ఉండండి. దూది వద్దు, పోగులు అంటుకుంటాయి. పంజరంలో రంపపుపొట్టు ఉంటే తీసేసి తువ్వాలు పరచండి. ఫెర్రెట్‌ను ఆ కండను నాకనివ్వకండి, మీరే లోపలికి నెట్టకండి. పసుపూ నూనెలూ రాయకండి. పారాసిటమాల్ అసలు వద్దు, ఫెర్రెట్లకు అది విషం. కండ గులాబీ రంగులో, తడిగా ఉంటే కొంత నయం; ఊదాగానో నల్లగానో మారితే ఒక్క గంట కూడా వృథా చేయకండి.

డాక్టరు ఆ కండను లోపలికి సర్ది కుట్టు వేసినంత మాత్రాన సరిపోదు. ఫెర్రెట్ పిల్లల్లో కాక్సిడియా వంటి పరాన్నజీవులు, పేగువాపు దీనికి తరచూ కారణం. అందుకే తాజా మలాన్ని చిన్న డబ్బాలో తీసుకెళ్లి పరీక్ష చేయమని అడగండి. విజయవాడ దగ్గర గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది; ఫెర్రెట్‌ను చూస్తారో లేదో ముందే ఫోనులో కనుక్కోండి.

పస్తు పెట్టకండి. తిన్నది మూడు నాలుగు గంటల్లో వీటి పేగులు దాటేస్తుంది, త్వరగా నీరసిస్తాయి. ఒకవేళ తిండి మానేసి, వాంతి చేసుకుని, మలం ఆగిపోతే చెప్పుల రబ్బరు ముక్క ఏదైనా మింగిందేమో డాక్టరుకు చెప్పండి. ఎండలో తీసుకెళ్లకండి, ఏసీ కారైతే మేలు.