ఎత్తులో కారు వెనక్కి జారుతుంటే

అమెరికాలో ఏళ్ల తరబడి ఆటోమేటిక్ నడిపి వచ్చాక, తిరుమల ఘాట్‌లో నాన్నగారి మాన్యువల్ కారు ఆపితే వెనక్కి జారుతోందని, కంగారులో ఇంజిన్ ఆగిపోతోందని రాశారు కదండీ. ఇక్కడ కూడా ఆటోమేటిక్‌లు పెరిగాక చాలామందిది ఇదే అవస్థ. హ్యాండ్‌బ్రేక్ వాడండి. ఆగగానే దాన్ని పూర్తిగా లాగి, ఫస్ట్ గేర్ వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కి, బానెట్ కాస్త పైకి లేస్తుంది. క్లచ్ పట్టుకుందన్నమాట. కాలు అక్కడే ఉంచి హ్యాండ్‌బ్రేక్ దించండి, బండి ముందుకే కదులుతుంది. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనివ్వండి. అంతేగానీ క్లచ్ మీదే బండిని నిలబెట్టకండి, ప్లేట్ కాలిన వాసన వస్తుంది. దిగేటప్పుడు మాత్రం న్యూట్రల్ అసలు వద్దు, సెకండ్ గేర్‌లో రండి. లేకపోతే బ్రేకులు వేడెక్కిపోతాయి.