మొక్కలు వాడుతున్నాయని ఇంకా నీళ్ళు పెట్టకండి

ప్రశ్న: సార్, మాది తాడికొండ మండలం, నల్లరేగడి నేల. పొలంలో ఇల్లు కట్టుకుని, ఆరు వారాల క్రితం చుట్టూ బంగినపల్లి అంట్లు, నూరు వరహాలు నాటి, ముందు మెక్సికన్ గడ్డి పరిపించాం. మొక్కకు గంటకు 8 లీటర్లిచ్చే డ్రిప్పర్లు రెండు, రోజూ రెండు గంటలు వదులుతున్నా. అయినా మామిడి ఆకులు వేలాడుతున్నాయి, నూరు వరహాలు పాలిపోయాయి, గడ్డి మచ్చలు మచ్చలుగా పోతోంది. షాపులో వేరుకుళ్ళు అని మూడు మందులిచ్చారు. నీళ్ళు కూడా పెంచాలా?

జవాబు: పెంచకండి, ముందు ఆ వాల్వు కట్టేయండి. మీ లెక్క ప్రకారమే మొక్కకు రోజూ 32 లీటర్లు పడుతున్నాయి, అదీ వానాకాలంలో, అదీ నీళ్ళు త్వరగా ఇంకని నల్లరేగడిలో. వేళ్ళకు గాలి ఆడటం లేదు. గాలి లేని వేరు నీటిని పీల్చలేదు, అందుకే బురదలో నిలబడి కూడా ఆకు వాడుతుంది, మనమేమో దాహం అనుకుని ఇంకా పెడతాం. చాలా తోటల్లో లేత మొక్కలు చచ్చేది ఇలాగే.

బాగా వాడిన ఒక మొక్క పక్కన గునపంతో తవ్వి సన్నవేరు ఒకటి లాగి చూడండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్ళింది గోధుమరంగులో ఉండి, రెండు చేతివేళ్ళ మధ్య పట్టి లాగితే పైతోలు ఊడొచ్చి లోపల దారం మిగులుతుంది, మట్టి మురుగు వాసన కొడుతుంది. సగానికి పైగా వేళ్ళు అలా ఉంటేనే, నేల కాస్త ఆరాక, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొక్కకు 2–3 లీటర్లు పాదులో ఒక్కసారి పోయండి. మిగతా రెండు సీసాలు తిరిగిచ్చేయండి. వేరు చూడకుండా, ఎన్ని నీళ్ళు పెడుతున్నారని కూడా అడక్కుండా మందులు అంటగట్టే షాపు సలహా ఎందుకండీ? తడి తగ్గకుండా ఏ మందు పోసినా డబ్బులు నేలపాలే.

మళ్ళీ ఎప్పుడు పెట్టాలనేది గడియారాన్ని బట్టి కాదు, మట్టిని బట్టి. 6 అంగుళాల లోతు మట్టి తీసి పిడికిలిలో నొక్కండి. జిగటగా చేతికి అంటితే వద్దు, ముద్ద కట్టి వేలితో తాకగానే విడిపోతే పెట్టండి. రేగడి పైన నెర్రెలు తీసినా కింద తడి ఉంటుంది, పైపైన చూసి కంగారు పడకండి. ఇంకోటి, నర్సరీ నుంచి వచ్చిన ఎర్రమట్టి గడ్డ చుట్టూ ఉన్న రేగడి కంటే ముందే ఆరుతుంది, కాబట్టి మొదటి రెండు మూడు వారాలు ఆ గడ్డ మీద కొద్దిగా పోయాలి, మీకు ఆ దశ దాటింది. ఇప్పుడు డ్రిప్పర్లు మొదలుకు అడుగు దూరం జరపండి. వాన లేకపోతే నాలుగైదు రోజులకు 10–12 లీటర్లు చాలు, అంటే 40–45 నిమిషాలు. ఏప్రిల్, మే ఎండల్లో రెండు మూడు రోజులకోసారి 15–20 లీటర్లు. అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకూడదు, మొదలు దగ్గర నీరు నిలవకూడదు.

గడ్డి సంగతి. పరిచిన మొదటి రెండు వారాలు పైపైన రోజూ తడపడం సరైనదే, తర్వాత కూడా అలాగే తడిపితే వేళ్ళు పైనే ఉండిపోతాయి, నాచు పడుతుంది. వారానికి రెండుసార్లు, ఉదయం 8 లోపు పెట్టండి. గడ్డిలో నాలుగు స్టీలు గిన్నెలు పెట్టి, అందులో అర అంగుళం నీరు చేరగానే ఆపేయండి. వాన పడిన వారం అసలు వద్దు. సాయంత్రం పెడితే రాత్రంతా ఆకు తడిగా ఉండి బూజు తెగుళ్ళు వస్తాయి. నీరు నిలిచే చోట గునపంతో 4 అంగుళాల లోతు పొడిచి ఇసుక నింపండి.

నూరు వరహాలు మాత్రం వేరే కథ. లేత ఆకు పాలిపోయి ఈనెలు ఆకుపచ్చగానే ఉంటే అది ఇనుము లోపం, సున్నం ఎక్కువున్న రేగడిలో, అందులోనూ తడి నేలలో మామూలే. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము లీటరు నీటికి కలిపి వారం తేడాతో రెండుసార్లు సాయంత్రం పిచికారీ చేయండి. కొత్త ఆకులు పచ్చగా వస్తాయి, పాతవి మారవు.

మూడు వారాల్లో మామిడికి కొత్త చిగురు కనిపించకపోతే వేరు ఫోటో పంపండి, ఆకు ఫోటో కాదు.