కనిగిరిలో క్లినిక్ తెరుస్తున్న మేనకోడలికి

చి॥ మాధవికి,

అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ మేనకోడలు హైదరాబాద్ వద్దంటోంది, కనిగిరిలోనే పెడుతుందట, నువ్వైనా నచ్చజెప్పు" అన్నాడు. నేను చెప్పనన్నాను. పళ్ళ డాక్టరుగా ఎండీఎస్ చదివి సొంతూరి వైపు తిరిగొచ్చే పిల్లని ఆపడానికి నాకు నోరెలా వస్తుంది? ఫోన్ పెట్టేశాక వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను కూడా. ఆ తర్వాత వాట్సాప్‌లో నీ పాంప్లెట్ పంపాడు. "గార పళ్ళకు ఒకే సిట్టింగ్‌లో శాశ్వత పరిష్కారం" అన్న లైను చూశాక ఇంక నిద్ర పట్టలేదే తల్లీ. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

రిజిస్ట్రేషన్, ఆటోక్లేవ్, బయోమెడికల్ వేస్ట్ వాళ్ళతో ఒప్పందం, ఇవన్నీ నీకు తెలిసినవే. కుర్చీ కొత్తది కొనక్కర్లేదు. కంప్రెసర్ మాత్రం కొత్తది, ఆయిల్ లేనిది కొను. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు, నీ కుర్చీలో కూర్చోబోయేవాళ్ళ గురించి. మన దేశంలో ఈ గార గురించి, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ గురించి మొట్టమొదట రాసింది మన వైపు నుంచే. 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ అప్పుడు ఆ జిల్లాలోవే. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మన బోర్లు ఆ లెక్క ఏనాడు విన్నాయి గనుక! చిగురు లోపల పన్ను తయారవుతున్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళలోపు, ఆ నీళ్ళు తాగితే మచ్చ పడుతుంది. పడ్డాక ఏ పేస్టుకీ పోదు.

నీ పళ్ళు తెల్లగా ఉన్నాయంటే మీ అమ్మ పుణ్యం. బడి వయసు దాటేదాకా నిన్ను ఒంగోల్లో అమ్మమ్మ దగ్గరే ఉంచింది. మాకు ఆ అదృష్టం లేదు. మీ నాన్న పెళ్ళి ఆల్బమ్ తీసి చూడు, ఒక్క ఫొటోలోనైనా నోరు తెరిచాడేమో. నేను కాలేజీలో చేరిన మొదటి ఏడాది చున్నీ అడ్డం పెట్టుకునే మాట్లాడేదాన్ని. పెళ్ళి కుదిరిన పిల్ల వచ్చి "మేడమ్, ఎలాగైనా తెల్లగా చెయ్యండి" అంటే ఆ "ఎలాగైనా" ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. నీకు తెలియదు. పైగా నీ చేతిలో పన్ను అరగదీసే ఎయిర్ రోటర్ ఉంటుంది. నా భయమంతా అదే.

బీడీఎస్ అయిన కొత్తలో నేనొక సీనియర్ డాక్టరు గారి దగ్గర పనిచేశాను. పేరు అనవసరం. చెయ్యి మంచిది, మనిషి ఇంకా మంచివాడు. ఒకరోజు సాయంత్రం పొదిలి వైపు నుంచి ఒక అమ్మాయి వాళ్ళ అమ్మతో, మేనమామతో వచ్చింది. నాలుగు రోజుల్లో పెళ్ళి. పై ముందు పళ్ళు ఆరింటికీ సుద్ద తెలుపు, మధ్యలో బెల్లం రంగు చారలు. పళ్ళు అరగదియ్యకుండా, పంటి రంగులో ఉండే కాంపోజిట్ అతికించి కప్పేద్దామన్నారు డాక్టరు గారు. ఆలోచన సరైందే. కాంపోజిట్ అతుక్కోవడానికి పంటిని గరుకు చేసే ఆమ్లం, అదే ఎచింగ్ జెల్, సిరంజి మీద రాసినంతసేపే పెట్టారు. కడిగారు, ఆరబెట్టారు. "చూడమ్మా, తెల్లగా అయింది, ఎచ్ పట్టింది" అన్నారు నాతో.

ఆ పన్ను ముందే తెల్లగా ఉంది కదా!

మాధవీ, మామూలు పంటికి ఎచ్ పడితే మంచు పట్టినట్టు తెల్లబడుతుందని మనకి కాలేజీలో నేర్పుతారు. గార పన్ను పుట్టుకతోనే సుద్ద తెలుపు. దాని రంగు చూస్తే ఏమీ తెలియదు. మెరుపు చూడాలి. కుర్చీ లైటు కాస్త పక్కకి తిప్పి ఏటవాలుగా చూడు. ఎక్కడైనా నిగనిగ మిగిలి ఉంటే అక్కడ ఆమ్లం పని చెయ్యలేదన్నమాట. గార పంటి పైపొర ఆమ్లానికి లొంగదు, మొండిది. దాని కింద ఎనామిల్ మాత్రం గుల్ల. 1955లో అమెరికాలోని రోచెస్టర్‌లో దంతవైద్య పరిశోధకుడు బ్యూనోకోర్ గారు, లోహం మీద రంగు నిలవడానికి ఫాస్ఫారిక్ ఆమ్లం వాడతారని తెలిసి, అదే పంటి మీద ప్రయత్నించారు. 85 శాతం ఆమ్లం, అర నిమిషం. పంటికి అతికించే ఈ బాండింగ్ విద్య అంతా అక్కడి నుంచే వచ్చింది. ఆయన పట్టు సాధించింది మామూలు ఎనామిల్ మీద. మన కనిగిరి పన్ను ఆ లెక్కకి లొంగదు.

ఆ సాయంత్రం కాంపోజిట్‌ని గట్టిపరిచే క్యూరింగ్ లైటు పట్టుకున్నది నేనే. ఆరు పళ్ళూ అయ్యాక అద్దం ఇస్తే, వాళ్ళమ్మ డాక్టరు గారి కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది.

పెళ్ళి రోజు భోజనాల దగ్గర అరిసె కొరికితే రెండు ఊడొచ్చాయట. మిగతా రోజంతా ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుందట. మగపెళ్ళివారిలో ఎవరో "పెట్టుడు పళ్ళ పిల్లని అంటగట్టారు" అన్నారట. పది రోజుల తర్వాత భర్తతో వచ్చి, కాగితం పొట్లం విప్పి ఆ రెండు ముక్కలూ బల్ల మీద పెట్టింది. నేను ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి చూశాను. లోపలి వైపు నున్నగా ఉంది. పంటి మీది సన్న గీతలు అచ్చు దిగి ఉన్నాయి. ఎనామిల్ రవ్వ ఒక్కటీ అంటుకోలేదు. అంటే అది అసలు పట్టనేలేదు. ఊడిన ముక్క ఎప్పుడు దొరికినా పారెయ్యకు, వెనక్కి తిప్పి చూడు. నున్నగా ఉంటే ఎచింగ్ పట్టలేదు, లేదా తడో ఎంగిలో తగిలింది. ఎనామిల్ ముక్కతో సహా ఊడొస్తే నీ బాండింగ్ బాగానే ఉంది, పన్నే గుల్లది.

ఇంతవరకూ జరిగింది దిద్దుకోగలిగిన తప్పే. డాక్టరు గారు సిగ్గుపడ్డారు, ఆ సిగ్గులో తొందరపడ్డారు. "ఇక ఊడే మాటే లేకుండా చేస్తా" అని ఆరు పళ్ళూ చుట్టూ అరగదీసి క్యాపులు వేసేశారు. పైసా తీసుకోలేదు. ఇరవై ఏళ్ళు నిండని పిల్ల. ఆ వయసులో పంటి లోపల నరం ఉండే గది పెద్దది, అరగదీస్తే నరం దగ్గరికి వెళ్ళిపోతాం. ఏడాది తిరక్కుండా రెండింటికి రూట్ కెనాల్ చెయ్యాల్సొచ్చింది. నేను సొంత క్లినిక్ పెట్టుకున్నాక ఆమె నా దగ్గరికే వచ్చేది. ఒకసారి క్యాపు ఊడి, ఒకసారి చిగురు దిగి, ఒకసారి క్యాపులోనే పన్ను విరిగి. నలభై దాటేసరికి ఆ ఆరింటిలో సొంత పళ్ళు రెండే మిగిలాయి. కాంపోజిట్ ఊడితే మళ్ళీ పెట్టొచ్చు. ఆ పిల్లకి పోయింది ఎనామిల్, అది నేను తెచ్చి ఇవ్వలేకపోయాను.

కాబట్టి గార పన్ను వస్తే ముందు ఫొటో తీసుకో. పంటి రంగు, అదే షేడ్, చూసుకో, అదీ కిటికీ వెలుగులో, ఎంగిలి తగలకుండా పంటి చుట్టూ బిగించే రబ్బర్ డ్యామ్ కట్టకముందే. పన్ను ఆరితే తెల్లగా కనిపించి మోసం చేస్తుంది. మరక పైపైనే ఉంటే ఆమ్లం పేస్టుతో పైపొర సన్నగా రుద్దే మైక్రో అబ్రేషన్‌తో మొదలుపెట్టు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న ఆ పేస్టుని డ్యామ్ లేకుండా మాత్రం ముట్టుకోకు. కొంతమంది అక్కడే అద్దం చూసుకుని చాలంటారు. చాలనివ్వు. పై పని అమ్మాలని చూడకు. రంగు ఇంకా ఉంటే పళ్ళకి తొడుక్కునే ట్రేలు చేసిచ్చి, 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌తో ఇంట్లోనే బ్లీచింగ్ చేసుకోమను. బ్లీచింగ్ తర్వాత రెండు వారాలు ఆగాలి. పంటిలో ఆక్సిజన్ మిగిలి ఉండగా కాంపోజిట్‌లోని రెసిన్ సరిగ్గా గట్టిపడదు. అంటే, నీ "ఒకే సిట్టింగ్" ఇక్కడే తప్పిపోయింది చూశావా?

అప్పటికీ గుంటలు, ముదురు చారలు మిగిలితేనే కాంపోజిట్. డైమండ్ బర్‌తో ఆ మొండి పైపొర ఒక్కటే, చేత్తో తాకినంత తేలిగ్గా తీసి, 37 శాతం ఎచింగ్ జెల్ పెట్టు. మామూలు పంటికి 15 నుంచి 30 సెకన్లు చాలు. ఇక్కడ నిమిషం, ఒక్కోసారి ఒకటిన్నర నిమిషం పట్టొచ్చు. గుంట అడుగున ఎనామిల్ కింది పొర, డెంటిన్, కనిపిస్తుంటే మాత్రం జెల్ ముందు ఎనామిల్ మీదే పెట్టి, డెంటిన్‌కి చివరి 15 సెకన్లే ఇవ్వు. కడిగాక డెంటిన్‌ని ఎండగొట్టకు. కొంచెం తేమ ఉండనివ్వు. కాంపోజిట్‌ని పంటికి అంటించే ద్రవం, బాండ్‌ని మైక్రోబ్రష్‌తో రుద్దుతూ పుయ్యి, ఊరికే తడిపి వదిలెయ్యకు. తర్వాత గాలి మెల్లగా కొడుతూ ఆ ద్రవం మీద అలలు ఆగేదాకా చూడు. అలలు కదులుతుంటే లోపల ఆవిరైపోవాల్సిన సాల్వెంట్ ఇంకా ఉన్నట్టే.

ఆ గాలి దగ్గరే కంప్రెసర్ మాట. గాలిలో నూనె తుంపర ఉంటే నువ్వెంత మంచి బాండ్ వాడినా దండగే. కనపడదు, వాసన రాదు, కంపెనీని తిట్టుకుంటూ సీసాలు మారుస్తూ ఉంటాం. రోజూ పొద్దున, గాలీ నీళ్ళూ కొట్టే త్రీ వే సిరంజి గాలి మౌత్ మిర్రర్ మీద కొట్టి చూడు. మచ్చ పడిందంటే ఆరోజు ఫిల్లింగులు పెట్టుకోకు. ట్యాంకులో నీళ్ళు వదలడం అసిస్టెంట్‌కి అప్పగించి మర్చిపోవద్దు, నువ్వే వదులు.

మన ఎండల సంగతి తెలుసుగా. బాండ్ సీసా ఫ్రిజ్‌లో పెట్టు. వాడే ముందు బయటికి తీసి కాసేపు ఉంచు. చుక్క వేసిన వెంటనే మూత బిగించు. లైటు కొనలో గట్టిపడిన రెసిన్ అంటుకుని ఉందేమో రోజూ చూడు. కాంపోజిట్ పొర రెండు మిల్లీమీటర్లు దాటకూడదు, లైటు దగ్గరగా, నిటారుగా పట్టుకోవాలి. నీలం వెలుగు వైపు నువ్వు చూడకు, పనిచేసే పిల్లనీ చూడనివ్వకు. నారింజ రంగు అద్దాలు రెండు జతలు కొను. మొదటి నెలే ఒకటి పోతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. లవంగ నూనె వాసన వచ్చే టెంపరరీ సిమెంట్ పెట్టి వస్తారు బయటి పేషెంట్లు. ఆ నూనెలోని యూజినాల్ ఉన్నచోట రెసిన్ సరిగ్గా గట్టిపడదు, శుభ్రంగా తీశాకే పని. బొగ్గుతో, ఇటుక పొడితో తోమి చిగురు దగ్గర పళ్ళు కోసుకున్న పెద్దవాళ్ళు చాలామంది వస్తారు. చిగురు తడి ఆగని చోట పంతం పట్టకు, జీఐసీ, అంటే గ్లాస్ అయోనమర్ సిమెంట్ పెట్టు. విల్సన్, కెంట్ లండన్‌లో 1972లో బయటపెట్టిన ఆ సిమెంట్ పంటికి రసాయనికంగానే అతుక్కుంటుంది. బడి పిల్లలు సైకిల్ మీంచి పడి ముందు పన్ను విరగ్గొట్టుకుంటారు. విరిగిన ముక్క దొరికితే అదే తిరిగి అతికించొచ్చు. నీళ్ళలోనో పాలలోనో వేసి తెమ్మని చుట్టుపక్కల బళ్ళలో పీఈటీ మాస్టర్లకి ముందే చెప్పి ఉంచు. పన్ను మొత్తం ఊడితే వేరు ముట్టుకోకుండా పాలలో వేసి గంటలోపు పరిగెత్తుకు రమ్మను.

రబ్బర్ డ్యామ్ కడితే "ఊపిరాడట్లేదు మేడమ్" అంటారు. నిదానంగా చెప్పి, చేత్తో పట్టుకుని చూడనిచ్చి కట్టు. తడి ఆగకుండా కాంపోజిట్ పెట్టడం వాన పడుతుండగా గోడకి సున్నం వెయ్యడమే. పక్క క్లినిక్‌లో పావుగంటలో అయిపోతుందంటారు. అవనీ.

డబ్బు విషయం. క్యాపుకి వచ్చేంత కాంపోజిట్‌కి రాదు, టైము మాత్రం రెట్టింపు పడుతుంది. ఈఎంఐ కట్టాల్సిన నెలలో ఎయిర్ రోటర్ వైపు చెయ్యి తానే పోతుంది. అందుకే మొదటి ఏడాది అద్దె నేనిస్తానని మీ నాన్నకి చెప్పాను. అప్పు అనుకుంటావో, అత్త పెట్టిన సారె అనుకుంటావో నీ ఇష్టం. కాదంటే మాత్రం నేను ఓపెనింగ్‌కి రాను. మెడ నొప్పి అంటున్నావట, వంగక్కర్లేకుండా చూపించే కంటి భూతద్దాలు, లూప్స్ కూడా ఆ డబ్బులోనే కొనుక్కో. రాత్రి ఎనిమిది తర్వాత పేషెంట్లని చూడకు. చూసినా పొద్దున చేస్తానని పంపు. అలసిన కంటికి ఆ మెరుపు కనపడదు.

పెళ్ళి పది రోజుల్లో ఉందని ఎవరైనా వస్తే పాలిష్ చేసి పంపు, పెళ్ళయ్యాక రమ్మను. ఏడుస్తారు. కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు. నా ఫొటో ఒకటి ఫోన్లో పెట్టుకో, కాలేజీ రోజులది, ఇప్పటిదీ. "మా అత్తయ్య పళ్ళు ఇవి, ఒక్కటీ అరగదియ్యలేదు, ఆరు నెలలు పట్టింది" అని చూపించు. నవ్వుతూ దిగింది రేపు పంపిస్తాను.

పాంప్లెట్ ఇంకా ప్రింట్‌కి వెళ్ళలేదు కదా? "ఒకే సిట్టింగ్" తీసెయ్. "శాశ్వత" కూడా తీసెయ్. "గార పళ్ళకు చికిత్స చేయబడును" అని రాస్తే చాలు, వాళ్ళే వస్తారు. లైటు వెలుగు కొలిచే రేడియోమీటర్ నా దగ్గరొకటి ఉంది, వచ్చేటప్పుడు తెస్తాను. కంప్రెసర్ ఏది మాట్లాడావో, ఇన్వర్టర్ మీద అది నడుస్తుందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడిగి రేపు సాయంత్రంలోపు నాకు ఫోన్ చెయ్యి.

నీ
అత్తయ్య