ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ కొనేముందు రేషియో చూడండి

1994 ఫోర్డ్ రేంజర్ ఫోర్ బై ఫోర్‌కి వెనక యాక్సిల్ పోయింది, 1995-2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ది వేయొచ్చా అని అడిగారు కదా. వేయొచ్చు, మంచి ఎంపిక కూడా. 31 స్ప్లైన్ల (షాఫ్టు చివర ఉండే పళ్ల) షాఫ్టులు, డిస్క్ బ్రేకులు వస్తాయి, చక్రం బోల్టులూ సరిపోతాయి.

అన్నిటికన్నా ముందు గేర్ రేషియో, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో చూసుకోండి. ముందు యాక్సిల్‌తో కలవకపోతే, ఫోర్ బై ఫోర్ వేసి గట్టి రోడ్డు మీద నడిపినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే గేర్ పెట్టె) నలిగిపోతుంది. యాక్సిల్ మీద రేషియో రాసి ఉండే ట్యాగ్ ఊడిపోయి ఉంటే కంగారు పడకండి. లాకర్ (రెండు చక్రాలనూ కలిపి తిప్పే పరికరం) లేని యాక్సిల్ అయితే ఒక వైపు హబ్ కదలకుండా పట్టుకుని, రెండో వైపు హబ్‌ను సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. పినియన్ ఫ్లాంజ్ (డ్రైవ్ షాఫ్టు బిగించే చోటు) మీద సుద్దముక్కతో గీత పెట్టి, అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మూడుముప్పావు చుట్ల దగ్గర ఆగితే 3.73, నాలుగు దాటి కాస్త తిరిగితే 4.10.

అసలు పని కమాన్ కట్టల దగ్గర ఉంది. ఎక్స్‌ప్లోరర్‌లో యాక్సిల్ కట్టల పైన కూర్చుంటుంది, మీ బండిలో కింద. అందుకే యాక్సిల్ మీద కట్టలు కూర్చునే కొత్త సీట్లు వెల్డింగ్ చేయించాలి. ముందు టాక్ (చిన్న చుక్క వెల్డింగ్) మాత్రమే పెట్టించి, బండి బరువు దించి, పినియన్ కోణం చూశాకే పూర్తి వెల్డింగ్. అదీ కొంచెం కొంచెంగా, చల్లారనిస్తూ చేయించండి; ఒకేసారి కాలిస్తే యాక్సిల్ ట్యూబు వంగుతుంది.

హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు కూడా అదే ఎక్స్‌ప్లోరర్‌వి తీసుకోండి, తర్వాత వెతకడం కష్టం.