అప్ప నడుం లాగించే ముందు

శ్రీకాకుళం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

మా అప్ప, అదే మీ అమ్మ, ఎమ్మారై రిపోర్టు చూశాను. నడుంలో నాలుగో పూసకీ ఐదో పూసకీ (ఎల్4-ఎల్5) మధ్య డిస్క్ ఉబ్బి ఎడం కాలి నరాన్ని నొక్కుతోంది. విశాఖలో నడుం లాగే డీకంప్రెషన్ మెషీన్ ఉందట, 20 సిట్టింగుల ప్యాకేజీ కట్టేయమంటావా అని అడిగావు. ఇప్పుడే కట్టకు. ఆ బల్ల ఎక్కదగిన నడుమో కాదో ముందు తేలాలి.

అందులో బ్రహ్మవిద్యేమీ లేదురా. ఛాతీకో పట్టీ, తుంటికో పట్టీ బిగించి, రెండు ముక్కలుగా జరిగే బల్ల మీద పడుకోబెడతారు. మోటారు ఒక నిమిషం లాగి, అరనిమిషం వదులిస్తుంది. ఇలా 20-30 నిమిషాలు. మన పాత ట్రాక్షనే, అంటే నడుం లాగుడే, కంప్యూటర్ తగిలించుకుని వచ్చింది. లాగేటప్పుడు పూసల మధ్య సందు కాస్త పెరిగేమాట నిజమే. లేచి నిలబడగానే ఒంటి బరువు మళ్లీ ఆ డిస్క్ మీదే పడుతుంది, అది వాళ్ల గోడ మీది బొమ్మలో ఉండదు. 2013లో కోక్రేన్ సంస్థ ట్రాక్షన్ మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి, నడుం నొప్పికి దీనివల్ల ఒరిగేది పెద్దగా లేదంది. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2016లో ట్రాక్షన్ ఇవ్వొద్దనే చెప్పాయి. డిస్క్ జారి కాలు లాగేవాళ్లలో చాలామందికి ఏ మెషీనూ లేకుండానే 6 నుంచి 12 వారాల్లో నెమ్మదిస్తుంది. నెమ్మదించాక ఆ పేరు మెషీనుకు పోతుంది.

అయినా ప్రయత్నిస్తానంటే ఒకటి గుర్తుంచుకో: అప్పకి 58 ఏళ్లు, ముట్లాగిన ఒళ్లు. ఎముక గుల్లబారిందేమో డెక్సా పరీక్ష చేయించకుండా పట్టీ కట్టనివ్వకు. పూస విరిగినా, వెన్నులో టీబీ గాని గడ్డ గాని ఉన్నా, స్క్రూలు వేసున్నా, కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బున్నా, బీపీ అదుపులో లేకపోయినా లాగకూడదు. ఎమ్మారైలో రాసినవన్నీ చూసి హడలిపోకు కూడా. నొప్పే లేని 20 ఏళ్ల కుర్రాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనబడుతుంది. కాగితం కంటే కాలు చెప్పేదే ముఖ్యం.

మూత్రం ఆగిపోయినా, తెలీకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా ఫిజియో దగ్గరికి కాదు, ఆ రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి తీసుకుపో. గంటలు లెక్క అక్కడ.

ఇంకోటి, దీనికి నిన్ను తిట్టాలి. ఊళ్లో సూదిమందు వేసే ఆయన దగ్గర డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేయిస్తున్నావట. ఉద్దానం నీళ్లు తాగే ఇల్లు మీది, కిడ్నీ జబ్బు గడపగడపకీ ఉన్న చోటు. ఆ మందు కిడ్నీకి రక్తం సరిగా అందకుండా చేయొచ్చు. ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించు. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి పెట్టారు కదా, అక్కడడిగాకే ఏ నొప్పి బిళ్లైనా.

ఇక బల్ల ఎక్కేరోజు. చీర మీద పట్టీ కట్టించకు, కుచ్చిళ్ల మీద అది జారుతుంది. లాగుడంతా చర్మానికే పోయి నడుముకి అందదు. నూలు చుడీదారు వెయ్యి. తిన్న రెండు గంటలకు, మూత్రానికి వెళ్లొచ్చి పడుకోవాలి. కింది పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోవాలి, పై పట్టీ ఊపిరి పట్టేసేంత బిగించకూడదు. మోకాళ్ల కింద దిండు ఉండాలి. ఎంత బరువుతో లాగుతారో అడుగు: అప్ప 60 కిలోలుంటే మొదటిరోజు 15 కిలోల లాగుడు చాలు, తట్టుకుంటే మెల్లగా 25-30 దాకా. తొలిరోజే సగం బరువు పెడితే కండరం భయపడి బిగుసుకుంటుంది, మర్నాటికి నడుం పట్టేస్తుంది. ఆపే స్విచ్ ఆవిడ చేతిలోనే ఉండాలి. వదలడం కూడా మెల్లగానే. అయ్యాక పది నిమిషాలు అలాగే పడుకోబెట్టి, పక్కకి తిరిగి, కాళ్లు కిందికి జార్చి, చేత్తో ఊతం పట్టి లేవమను.

డబ్బు ఆరు సిట్టింగులకే కట్టు. పిక్కలో ఉన్న నొప్పి పిరుదుకి ఎక్కొస్తే మంచి గుర్తు, నడుం కాస్త నొప్పెట్టినా సరే. నొప్పి పాదం వైపు దిగినా, తిమ్మిరి పెరిగినా అక్కడితో ఆపు. ఆరింటికీ తేడా లేకపోతే ఇరవైకీ ఉండదు. నడిస్తే కాళ్లు బరువెక్కి, కూర్చుంటే తేలికపడుతుంటే అది వెన్నులో నరాలు పోయే నాళం ఇరుకై ఉండొచ్చు, లెక్క వేరు. డాక్టరుకి చెప్పాలి.

పలాస నుంచి విశాఖకి రానూపోనూ బస్సు, వారానికి ఐదు రోజులా? మూడొందల కిలోమీటర్ల పైమాట ఆ కుదుపు. అక్కడ లాగింది దారిలోనే పోతుంది. దగ్గర్లో ఫిజియో చేత వ్యాయామాలు నేర్పించు. బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడం ఒకటి, అదీ కాలి నొప్పి తగ్గుతుంటేనే. రోజుకు మూడుసార్లు పది నిమిషాల నడక.

జీడిపప్పు పొట్టు తీసే చోట అప్ప నేల మీద గంటలకొద్దీ వంగి కూర్చుంటోంది. ముందది మార్చు. మోకాలెత్తు స్టూలు, ఎదురుగా బల్ల, అరగంటకోసారి లేచి నాలుగడుగులు. నీళ్ల బిందె కోడలు మొయ్యాలి, నువ్వు కూడా మొయ్యొచ్చు.

డెక్సా, క్రియాటినిన్ కాగితాలు రాగానే పంపు. ఇక్కడికి తీసుకొస్తే బస్సులో మధ్య సీటు చూడు, వెనక చక్రాల మీద కూర్చోబెట్టకు.

మీ మావయ్య