టెక్ సందేహాలు: కథ ఇద్దరే రాయాలా, గ్రూప్‌గా రాయాలా?

ప్రశ్న: మేం ఐదుగురు ఫ్రెండ్స్. దేవరకొండ కోటలో జరిగే కథ ఒకటి అనుకొని, కోట కాపలావాడు, వైద్యురాలు, వర్తకుడు ఇలా తలా ఒక పాత్ర తీసుకొని వాట్సాప్ గ్రూప్‌లో రోల్‌ప్లే మొదలుపెట్టాం. మొదటి వారం రాత్రి పన్నెండు దాకా రాశాం. ఇప్పుడు ఇరవై రోజులుగా కథ కదలట్లేదు. ఒక ఫ్రెండ్ ‘మనిద్దరమే రాసుకుందాం’ అంటోంది. గ్రూప్ వదిలేయాలా? ఏ యాప్ మంచిది?
– డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: గ్రూప్ వదలకండి. సన్నివేశాలు మాత్రం ఇద్దరిద్దరుగా రాయండి.

మీలో ఎవరి తప్పూ లేదు, లెక్కే అలాంటిది. ఐదుగురూ వరసగా రోజుకొకరు రాస్తే, ఒకసారి రాసినవాళ్లకు మళ్లీ వంతు వచ్చేది ఐదు రోజులకు. మధ్యలో ఒకరికి ఇంటర్నల్స్ వస్తే మిగతా నలుగురూ ఆగాలి. వరస లేకపోతే ఇంకో ఇబ్బంది. ఖాళీ ఉన్న ఇద్దరు రాత్రికి రాత్రి నలభై మెసేజ్‌లు రాసేస్తారు, పొద్దున చూసినవాళ్లకు ఎక్కడ అందుకోవాలో తెలియదు.

ఇద్దరే అయితే జవాబు త్వరగా వస్తుంది, పాత్ర మనసులోకి లోతుగా వెళ్లొచ్చు. కానీ ఒకరు మానేస్తే కథ అక్కడితో సరి. బతుకమ్మ ఆటలో ఒకరు అలసి పక్కకు జరిగినా పాట ఆగదు, పక్కనున్నామె అందుకుంటుంది. గ్రూప్‌లో ఉన్న బలం అదే. వైద్యురాలూ కాపలావాడూ అనుకోని కబురును వర్తకుడు మోసుకొస్తాడు చూడండి, ఆ మలుపు ఇద్దరి మధ్య అంత తేలిగ్గా పుట్టదు. అందుకే కోట అందరిదీ, సన్నివేశం ఇద్దరిదీ అనుకోండి.

దీనికి డిస్కార్డ్ అనే చాట్ యాప్ బాగా సరిపోతుంది. సొంత సర్వర్ (అంటే మీ గ్రూప్‌కు మాత్రమే ఉండే చోటు) పెట్టుకొని, అందులో ఒక ఛానెల్‌లో (ఒక్కో విషయానికి ఒక్కో గది లాంటిది) పాత్రల వివరాలు, ఇప్పటిదాకా జరిగిన కథ ఉంచండి. ఒక్కో సన్నివేశానికి ఒక్కో థ్రెడ్, అంటే విడి చాట్, తెరవండి. డిస్కార్డ్ వద్దనుకుంటే టెలిగ్రామ్ గ్రూప్‌లో టాపిక్స్ ఆన్ చేసుకోండి, ఒక్కో సన్నివేశం విడిగా ఉంటుంది. రాసేవాళ్లకు ఇంకో తేడా ముఖ్యం. పంపిన మెసేజ్‌ను వాట్సాప్‌లో 15 నిమిషాల్లోపే దిద్దగలం, టెలిగ్రామ్‌లో 48 గంటలు, డిస్కార్డ్‌లో గడువే లేదు. మంచి వాక్యం మర్నాడు తడుతుంది కదా!

రెండు నియమాలు ముందే రాసుకోండి. ఇంకొకరి పాత్రతో మీరు మాట్లాడించకూడదు, అడగకుండా చంపకూడదు. రెండు రోజులు జవాబు లేకపోతే ఆ పాత్ర ఊరెళ్లినట్టు రాసి ముందుకు సాగాలి.

ఒకరు కాలం సంగతి కూడా చూసుకోవాలి. మీ కథ కోటను పద్మనాయకులు ఏలిన 14, 15 శతాబ్దాలదైతే వర్తకుడి సంచిలో ఎండుమిర్చి ఉండకూడదు. మిరప మన దేశానికి వచ్చింది పోర్చుగీసువాళ్లతో, 1498 తర్వాతే. అప్పటి కారం మిరియాలదే.

ప్రశ్న: ఏడాదిగా టెలిగ్రామ్‌లో ఒకరితో కలిసి కథ రాస్తున్నాను. నిన్న చాట్ మొత్తం మాయమైంది. తిరిగి వస్తుందా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: రాదండీ. అవతలివారు చెరిపేసి ఉంటారు. టెలిగ్రామ్‌లో ఇద్దరి చాట్‌ను ఎవరో ఒకరు రెండు వైపులా తుడిచేయొచ్చు, 2019 నుంచి ఈ వీలుంది. నాకూ ఒకసారి ఇలాగే ఎనిమిది నెలల రాత పోయింది, ఆ బాధ నాకు తెలుసు.

ఇకముందు ఆదివారం ఆదివారం కాపీ తీసుకోండి. టెలిగ్రామ్‌లో అయితే కంప్యూటర్ యాప్‌లో, వాట్సాప్‌లో అయితే ఫోన్‌లోనే ఎక్స్‌పోర్ట్ చాట్ ఉంటుంది. గూగుల్ డాక్స్‌లో రాస్తే ఎవరు ఏది తీసేశారో వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది, పాతది వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ ఫైల్ అవతలివారిదైతే మాత్రం మీ డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచుకోండి. ఆన్‌లైన్‌లోనే పరిచయమైన మనిషైతే టెలిగ్రామ్ సెట్టింగ్స్‌లో మీ ఫోన్ నంబర్ ఎవరికీ కనబడకుండా పెట్టుకోండి.

ఈ రోజే ఒక పని చేయండి. పాత్రల పేర్లు, చివరి సన్నివేశం, గుర్తున్న మాటలు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. వారం గడిస్తే అవి కూడా జారిపోతాయి.